బుడగలొచ్చిన పళ్లసెట్టు

యూనియన్ ఆఫీసు,
బస్ డిపో వెనక గది.
వానలు మొదలైన వారం.

వదినా,

కవరులో కరపత్రం ఉందేమోనని తిరగేసి దులుపుతూ ఉంటావు. లేదు. రాయలేదు.

గేటు మీటింగు సంగతి డ్రైవర్ల నోటంట నీ దాకా వచ్చేలోపు నేనే చెప్తాను. ఆడ కండక్టర్ల విశ్రాంతి గదిని ఖాళీ చేయించి టైర్లు పెట్టుకుంటామని డిపో మేనేజరు నోటీసు అంటించాడు. దాని మీద నేను మాట్లాడాలి. మైకు చేతికిచ్చారు. ఎదురుగా డ్యూటీ దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు, అందరూ ఎరిగిన ముఖాలే. నోరు తెరిచాను. మాట రాలేదు. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. వేళ్లు మొద్దుబారాయి. ఇక్కడే, ఈ క్షణమే పోతాననిపించింది. మైకు బల్ల మీద పెట్టి, నడిచి, ఎదురుగా ఆగి ఉన్న బస్సెక్కి కూర్చున్నాను. అది ఎటు పోయే బస్సో చూడలేదు. చివరి స్టాపుకి పోయి అదే సీట్లో తిరిగొచ్చాను. కండక్టరు పిల్ల నన్ను టికెట్టు అడగలేదు. జాలిపడింది. అన్నిటికంటే అది ఎక్కువ తగిలింది నాకు.

గుండెపోటేమోనని ఆస్పత్రికి తీసుకుపోయారు. గుండె నిక్షేపంలా ఉందట. అక్కణ్ణించి వేరే గదికి పంపారు. అక్కడొక డాక్టరమ్మ. నాకంటే చిన్నదే. నవ్వదు, విసుక్కోదు, అడుగుతూ పోతుంది.

నిద్ర ఎలా ఉందంది. చీకటుండగానే మెలకువ వస్తోందన్నాను. ఇంతకుముందు ఇష్టమైనవి ఇప్పుడూ ఇష్టంగా ఉన్నాయా అంది. ఇంతకుముందు నాకు పోట్లాట ఇష్టం అన్నాను. రాసుకుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. చావాలని లేదు, లేవాలనీ లేదు అన్నాను. అదీ రాసుకుంది. ఆ ఆలోచన ముదిరితే ఆ రోజే రావాలి, వేళ కాని వేళయినా సరే అంది. తర్వాత చెప్పింది. ఆందోళన, కుంగుబాటు, రెండూ ఉన్నాయట. నెలసరి ఆగే వయసులో చాలామందికి ఇవి కలిసి వస్తాయట. మాత్ర రాసింది. మొదట సగం, తర్వాత ఒకటి. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందట.

నేను ఊరుకుంటానా. "డాక్టర్, నా జబ్బుకి పేరు కుంగుబాటు కాదు. డబుల్ డ్యూటీ. జీతం పెంచమంటే చార్జిషీటు. కాళ్లు చాపుకునే గదిని టైర్లకిచ్చే బుద్ధి. జబ్బు అక్కడుంటే మాత్ర నాకెందుకు? పోయి మేనేజరుకి వెయ్యండి" అన్నాను.

"ఆయన రాలేదు కదండీ. వస్తే ఆయన్నీ చూస్తాను. వచ్చింది మీరు" అంది.

 నీకు తెలుసుగా నా అభిప్రాయం. మనిషిని పిండి పిప్పి చేసి, ఆ పిప్పి బాధపడుతుంటే దానికో మాత్ర వేసి మళ్లీ యంత్రంలో పెట్టడం ఈ వ్యవస్థకి అలవాటు. ఏడ్చేవాళ్లు ఏడుపు మానేస్తే చాలు దానికి. ఎందుకేడుస్తున్నారని అడిగే పని తప్పుతుంది.

అసలు భయం వేరు. నీకు తప్ప ఇంకెవరికీ చెప్పను. నా దగ్గరున్నది కోపం ఒక్కటే వదినా. పెళ్లి వద్దనుకున్నాను, ఇల్లు కట్టలేదు, పదోన్నతి ఇస్తే మొహాన కొట్టాను. ఇన్నేళ్లూ ఆ కోపంతోనే లేచాను, దాంతోనే రాశాను. ఈ మాత్ర దాన్ని కడిగేస్తే మిగిలేది ఎవరు? ఆఫీసులో రబ్బరు స్టాంపు కొట్టుకునే ఓ పెద్దావిడ.

అందుకని ఒక ఏర్పాటు. మాత్ర మొదలుపెడతాను. కరపత్రాలు ఎప్పటిలాగే అచ్చుకి ముందు నీకే పంపుతాను. జడ్జివి నువ్వు. నిప్పు ఆరిందని నువ్వు అన్న రోజు మాత్ర చెత్తబుట్టలోకి పోతుంది.

ఫోను చెయ్యకు. ఈ మధ్య అది మోగితే ఎత్తలేకపోతున్నాను. ఈ కవరు పొద్దుటి బస్సు డ్రైవరు తెస్తాడు. జవాబు కూడా అతనికే ఇవ్వు.

నీ ఆడపడుచు


పళ్ల ల్యాబు,
డెంటల్ క్లినిక్ మేడ మీద.

అగ్గిపెట్టె గారికి,

మీ అన్నయ్య పెట్టిన ఆ పేరు ఇప్పుడు తీసేసే ఉద్దేశం ఎవరికీ లేదు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అన్నయ్యకి చెప్పాను. ఆయన చాలాసేపు చెప్పుల స్టాండు సర్దాడు. అది ఆయన ఏడుపు. తర్వాత, "దానికి నేనేం చెయ్యాలి?" అన్నాడు. "ఏం చెయ్యక్కర్లేదు, సలహా ఇవ్వకండి చాలు" అన్నాను.

నేను మాత్రం ఇస్తాను. నాకు ఆ మాత్ర ఇష్టం లేదు. మా అమ్మ సంగతి నీకు పైపైన తెలుసు. ఆవిడ గలగలా మాట్లాడే మనిషి. పక్కింటి గొడవకి కూడా కొంగు బిగించి వెళ్లేది. ఒక ఏడు బాగా నలతపడింది. మా నాన్న ఎక్కణ్ణించో మాత్రలు తెచ్చి వెయ్యడం మొదలుపెట్టాడు. అంతే, ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుండిపోయింది. పిలిస్తే మొహం తిప్పేది, కానీ చూసేది కాదు. మా ఇంట్లో చాలా ఏళ్లు ఒక కుర్చీ మాత్రమే ఉండేది, అమ్మ లేదు. నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటానంటే నేను పల్లకీ మొయ్యాలా?

సరే, నా మాట వినే ఘటానివి కావు కాబట్టి జడ్జి పని ఒప్పుకుంటున్నాను. పరీక్ష మాత్రం పాతదే. మనసుతో చదివి బాగుందనో బాలేదనో అంటే నువ్వు నమ్మవు, "వదినవి కాబట్టి అంటున్నావు" అంటావు. స్టవ్వు అబద్ధం చెప్పదు.

ఇత్తడి డబ్బాలో కట్టుడు పళ్లు పేర్చి, చిగుళ్ల కోసం గులాబీరంగు ముద్ద నొక్కి, నీళ్లలో సన్న సెగ మీద పెడతాను. నీళ్లు తెర్లి కుతకుతలాడకుండా కాపలా కాయాలి. తెర్లాయా, చిగుళ్ల నిండా బుడగలే. మొత్తం పారేసి మళ్లీ మైనం దగ్గర్నుంచి మొదలు. నీ కరపత్రం చదివేది నేను ఆ కాపలాలోనే. స్టవ్వు మర్చిపోయి సెట్టు పాడైందంటే కరపత్రం పాసు. టాయిలెట్లు లేని బస్‌స్టాండ్ల మీద రాసినప్పుడు ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు మరో వారం మెత్తటి తిండి తిన్నాడు. ఓవర్‌టైము మీద రాసినప్పుడు డాక్టరు నన్ను పిలిచి, "మీకు కంటి పరీక్ష అవసరమేమో" అన్నాడు.

కాబట్టి పంపు. గిన్నె పొయ్యి మీదే ఉంది.

నీ వదిన


యూనియన్ ఆఫీసు.

వదినా,

మాత్ర మొదలుపెట్టాను. నోరు ఎండిపోతోంది. ఆవలింతలు వస్తున్నాయి. కొద్దిగా తలతిప్పు, వికారం. ఇవి మామూలేనట.

విశ్రాంతి గది మీద కరపత్రం పెట్టాను. చూడు.

నీ ఆడపడుచు


పళ్ల ల్యాబు.

అగ్గిపెట్టే,

ఇంత చిన్న ఉత్తరం నీ దగ్గర్నుంచి నేను ఎరగను. నువ్వు కరెంటు బిల్లు కడుతూ కూడా వెనకవైపు నాలుగు వాక్యాలు రాసే మనిషివి.

కరపత్రం చదివాను. అక్షరదోషాలు లేవు. విషయమంతా ఉంది. గది కొలతలు, ఎంతమంది వాడుతున్నారు, ఏ నిబంధన కింద ఇచ్చారు, అన్నీ ఉన్నాయి. చదువుతూ రెండుసార్లు సెగ తగ్గించాను. సెట్టు అద్దంలా వచ్చింది.

మొదటిదే కదా. చూద్దాం. నీళ్లు బాగా తాగు, నోరు ఎండితే పళ్లు పాడవుతాయి. ఇది వదినగా కాదు, వృత్తిరీత్యా.

మీ అన్నయ్య నీకో గొడుగు పంపుతున్నాడు. ఎందుకని అడిగితే, "వానలు కదా" అన్నాడు. నీకు మూడు గొడుగులున్నాయని ఆయనకి తెలుసు. ఏదో ఒకటి పంపకపోతే ఆయనకి తోచడం లేదు.

నీ వదిన


ఇంటి నుంచి.

వదినా,

ఆఫీసుకి వెళ్లడం లేదు. సెలవు పెట్టాను. వెన్నునొప్పని రాశాను.

రెండో కరపత్రం ఇది. ప్రెసిడెంటు తొందర పెడుతున్నాడు. "మనోధైర్యం ఉండాలి, నీలాంటిదానివి నువ్వే ఇలా అయితే ఎలా" అని గుమ్మంలో నిలబడి చెప్పి పోయాడు. గొడుగు అందింది.

నీ ఆడపడుచు


పళ్ల ల్యాబు.

నీకు,

ఇది జడ్జి తీర్పు. కూర్చుని చదువు.

మాత్ర మానెయ్. ఈ ఉత్తరం చదవగానే మానెయ్.

నీ కరపత్రంలో రెండో పేరా ఇలా ఉంది: "విశ్రాంతి గది విషయమై యాజమాన్యం సానుభూతితో పరిశీలించి తగు నిర్ణయం తీసుకోగలరని కోరుతున్నాము." కోరుతున్నామా? నువ్వా? సానుభూతితోనా? ఇది చదివి, చేతిరాత నీదేనా అని కాగితం తిరగేసి చూశాను. మేనేజరు గుమాస్తా రాసినా ఇంతకంటే కారం ఉండేది. చివర "ధన్యవాదములతో" అని కూడా పెట్టావు. డిపో మేనేజరుకి నువ్వు ధన్యవాదాలు చెప్పే రోజు చూస్తాననుకోలేదు.

నా ల్యాబులో ఇప్పుడు ఒక్క సెట్టు పాడవడం లేదు. డాక్టరు తెగ మెచ్చుకుంటున్నాడు. ఆ మెచ్చుకోలు వింటుంటే నాకు ఏడుపొస్తోంది. నువ్వు కూడా కిటికీ పక్కకి వెళ్లిపోయావు. మా అమ్మకి జరిగిందే నీకూ జరుగుతోంది, ఈసారి కాగితం మీద, నా కళ్ల ముందు. అప్పుడు నేను చిన్నపిల్లని, ఏమీ చెయ్యలేకపోయాను. ఇప్పుడు ఊరుకోను.

నువ్వే కదా అన్నావు, నిప్పు ఆరిందని నేను అన్న రోజు చెత్తబుట్టలోకి అని. అంటున్నాను. ఆరింది. ఆ మాత్ర ఆర్పేసింది. పారెయ్.

నీ వదిన


ఇంటి నుంచి.
వాన వెలిసింది.

వదినా,

ఒక్క మాత్ర కూడా వేసుకోలేదు.

చదివావా? మళ్లీ రాస్తాను. నువ్వు ఆ తీర్పు రాసే రోజుకి నేను ఒక్క మాత్ర కూడా మింగలేదు. డబ్బా సీలు కూడా తియ్యలేదు. పోస్టర్లకి వాడే జిగురు డబ్బా పక్కన, సొరుగులో పడి ఉంది. నీకు రాసిన నోరెండటం, ఆవలింతలు, తలతిప్పు, అన్నీ మందుల షాపువాడు డబ్బాతో పాటు ఇచ్చిన కాగితం చూసి ఎక్కించినవి. జీవితమంతా కరపత్రాలు రాసిన దాన్ని, చివరికి ఒక కరపత్రంలోంచి కాపీ కొట్టాను.

ఎందుకు అబద్ధమాడానంటే, డాక్టరమ్మకి మాటిచ్చాను, నీకు మాటిచ్చాను, మింగడానికి మాత్రం భయమేసింది. మింగానని చెప్తే మీరిద్దరూ వదిలేస్తారనుకున్నాను. ఈలోపు దానంతటదే తగ్గుతుందనుకున్నాను. ఇంకో సంగతి. నీ తీర్పు ఎలా ఉంటుందో మనసులో ఎక్కడో తెలుసు. అదొస్తే మాత్ర మీద కోపంగా ఒక కరపత్రం రాసి, నా వాదన గెలిచిందని ఊరేగుదామనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చింది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. "ఆ మాత్ర ఆర్పేసింది" అన్న చోట ఆగిపోయాను. మాత్ర అక్కడ సొరుగులో ఉంది. మరి ఆర్పిందెవరు?

"సానుభూతితో" అని రాసింది జబ్బు వదినా. "ధన్యవాదములతో" అని రాసిందీ అదే. కోపం కడుక్కుపోతుందని నేను ఏ మాత్రకైతే భయపడ్డానో, అది ఇంకా రేకులోనే ఉంది. కోపం ఎప్పుడో వెళ్లిపోయింది, నేను చూసుకోలేదు. ఆ వాక్యం రాయడానికి ఒక పూట పట్టింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలని నాకు ఇన్నేళ్లూ తెలియలేదు. ఎప్పుడూ ఉండేది కాబట్టి.

ఇక నా వాదన సంగతి. దాన్ని వదులుకోను. డబుల్ డ్యూటీ మనుషుల్ని విరగ్గొడుతుంది. ఇది నిజం. కానీ బస్సు గోతిలో పడి కాలు విరిగిన డ్రైవరు దగ్గరికి పోయి, "రోడ్లు బాగుచేసేదాకా కట్టు కట్టించుకోకు, కట్టు కట్టడం వ్యవస్థకి లొంగిపోవడం" అంటానా? అన్నవాణ్ని తంతాను. నాకు నేను అన్నది అదే. మన యూనియన్‌లో వెన్నునొప్పికి సెలవు సాధించాం, చేతులు పడిపోతే పరిహారం సాధించాం. మనసుకి దెబ్బ తగిలితే మాత్రం ప్రెసిడెంటు గుమ్మంలో నిలబడి ధైర్యం గురించి ఉపన్యాసం ఇస్తాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా, సెలవు చీటీలో వెన్నునొప్పని రాశాను. ఆ చీటీ రాసిన చేతి మీద ఇప్పుడు నాకు కోపమొస్తోంది. కొంచెమే. చాలా రోజుల తర్వాత వచ్చిన అతిథిలా గుమ్మంలోనే నిలబడింది, లోపలికి రాలేదు.

నిన్న డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి నిజం చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "వేసుకోకపోవడం కంటే వేసుకున్నామని చెప్పడం నాకు ఎక్కువ ఇబ్బంది. పనిచెయ్యట్లేదని మోతాదు పెంచేదాన్ని" అంది. ఇంకోటి కూడా అంది. మొదలుపెట్టాక ఎవరో మానమన్నారని ఒక్కసారిగా మానకూడదట. తనని అడిగి, మెల్లగా తగ్గించాలట. నేను నిజంగా వేసుకుంటూ ఉంటే, నీ తీర్పు విని ఆ రోజే పారేసేదాన్ని. మన కోర్టు ఎంత ప్రమాదకరమో చూడు.

ఈ ఉదయం సగం మాత్ర వేసుకున్నాను. నీళ్లతో. పెద్దగా ఏమీ జరగలేదు. కాకి అరిచింది.

తిట్టు. కానీ జవాబు మాత్రం రాయి.

నీ ఆడపడుచు


పళ్ల ల్యాబు.

అగ్గిపెట్టెకి,

తిట్టమన్నావు కాబట్టి ముందు ఆ పని. సిగ్గులేనిదానా. నన్ను జడ్జిని చేసి దొంగ సాక్ష్యం పెడతావా? నీకు వికారంగా ఉందని నేను నిమ్మకాయలు పంపాలని చూశాను. మీ అన్నయ్య ఇంటర్నెట్టులో ఆవలింతల గురించి చదివి, చదువుతూ చదువుతూ తనే ఆవలించి నిద్రపోయాడు. మమ్మల్నిద్దర్నీ వెర్రివాళ్లని చేశావు. ఇలాంటిది మళ్లీ చేస్తే, నీ మాట అటుంచు, నీ కవరు కూడా ముట్టుకోను.

ఇప్పుడు రెండోది. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, అందుకని పొద్దున్నుంచి మైనం గీకుతూ కూర్చున్నాను.

నీ ఉత్తరం చదివాక మా పెద్దక్కకి ఫోను చేశాను. అమ్మకి నాన్న తెచ్చిన మాత్రలేంటి అని అడిగాను. అక్కకి గుర్తుంది. అవి ఉత్త నిద్రమాత్రలట. ఎవరో బంధువుకి రాసినవి. అమ్మని ఏ డాక్టరూ చూడలేదు. ఒక్కసారి కూడా. "గోల లేకుండా ఉంది కదా" అనేవాడట నాన్న. అక్క ఇంకో మాట చెప్పింది. మాత్రలు రాకముందే అమ్మ మాట్లాడటం మానేసిందట. ఆ కుర్చీని కిటికీ దగ్గరికి అమ్మే జరుపుకుందట. నేను చిన్నదాన్ని, మాత్రలు చూశాను, కుర్చీ చూశాను, రెండూ కలిపేసుకున్నాను. ఇన్నేళ్లూ ఆ మాత్రల్ని తిడుతూ బతికాను. మా అమ్మకి వైద్యం ఎక్కువై కాదు, అసలు వైద్యమే లేక అలా అయిందని ఇప్పుడు తెలిసింది. ఎవర్ని తిట్టాలో తెలియడం లేదు. నువ్వు నయమయ్యాక చెప్దువుగాని, ఆ పనిలో నీకు అనుభవం ఉంది.

అందుకని పాత తీర్పు కొట్టేస్తున్నాను. కొత్త తీర్పు ఇది. మాత్ర వేసుకో. రోజూ వేసుకో. ఆ డాక్టరమ్మ చెప్పేదాకా మానకు, నేను మొత్తుకున్నా మానకు. కరపత్రాలు నేను అడిగేదాకా పంపకు. ఒక్క లైను పంపు చాలు, కానీ నిజం పంపు. బాగాలేకపోతే బాగాలేదని. బాగా బాగాలేకపోతే, ఫోను నువ్వు ఎత్తక్కర్లేదు, నువ్వే చెయ్. మీ అన్నయ్య బండి తాళం తీసి మేకుకి తగిలించాడు. ఎప్పుడంటే అప్పుడు వస్తామని అర్థం. మాటల్లో చెప్పడు కదా.

నీ వదిన


ఇంటి నుంచి.

వదినా,

నిజం పంపమన్నావు. వికారంగా ఉంది. ఈసారి నిజమైనది, కాగితంలో రాసినదానికంటే నికరంగా ఉంది. మొదటి వారం గుండెదడ తగ్గకపోగా కాస్త పెరిగింది. డాక్టరమ్మకి చెప్పాను. మొదట్లో అలా ఉంటుంది, సగం మీదే ఇంకొన్నాళ్లు ఉందామంది.

నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. స్నానం చేశాను.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి.

వదినా,

ఒకటి మొత్తం వేసుకుంటున్నాను. వికారం పోయింది. కొత్త గొడవ. నిద్రలో దవడలు బిగుసుకుపోతున్నాయి. లేచేసరికి చెంపలు నొప్పి. పళ్లు కొరుకుతున్నానేమో. ఈ మందుకి కొందరిలో అలా ఉంటుందంది డాక్టరమ్మ. పగలు మేనేజరు మీద కొరకాల్సినవి రాత్రి ఖాళీగా కొరికేస్తున్నట్టున్నాను.

ఇది నీ శాఖ కాబట్టి ఫిర్యాదు నీకే.

ఇంకో చిన్న విషయం. నిన్న కూరగాయల కొట్టువాడు తూకంలో మోసం చేస్తుంటే పట్టుకున్నాను. పెద్దగా అరవలేదు. కానీ పట్టుకున్నాను.

నీ ఆడపడుచు


పళ్ల ల్యాబు.
నీ దగ్గర్నుంచి తిరిగొచ్చాక.

అగ్గిపెట్టే,

కవరులో ఉన్నది నీ నైట్‌గార్డు, నిద్రలో పళ్లు అరక్కుండా తొడుక్కునేది. పారదర్శకంగా ఉంది కదా అని గాజు గ్లాసులో వేసి మర్చిపోయి నీళ్లతో పాటు తాగబోకు. రాత్రి పై పళ్లకి తొడుక్కో, పొద్దున కడిగి డబ్బాలో పెట్టు. వేడినీళ్లు వద్దు, వంకరపోతుంది.

నీ పళ్ల అచ్చు తియ్యడానికి నేను గిన్నె, పొడి పట్టుకుని రెండు బస్సులు మారి వచ్చినందుకు విచారం లేదు. నీ నోటినిండా ముద్ద పెట్టి, "కదలకు, మాట్లాడకు" అన్నాను. కదల్లేదు. మాట్లాడలేదు. ముగ్గురు డిపో మేనేజర్ల వల్ల కానిది నా వల్ల అయింది. ఈ సంగతి మీ యూనియన్ చరిత్రలో రాయించు.

నీ మొహం చూశాకే నాకు కంటినిండా నిద్రపట్టింది. చిక్కిపోయావు, నిజమే. కానీ నేను వెళ్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఆ బస్సెక్కకు, దాని బ్రేకులు సరిగ్గా లేవు, వెనకది ఎక్కు" అన్నావు. మీ అన్నయ్యకి ఆ మాట చెప్పాను. ఆయన చెప్పుల స్టాండు జోలికి పోలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. రాయగలిగితే పంపు.

నీ వదిన


యూనియన్ ఆఫీసు,
బస్ డిపో వెనక గది.
చలి మొదలైంది.

వదినా,

మళ్లీ నా కుర్చీలో కూర్చున్నాను. నేను లేనప్పుడు ఎవరో దీని కాలికి అట్టముక్క పెట్టి కుదురుగా చేశారు. తీసేశాను. ఊగితేనే నాకు రాయబుద్ధవుతుంది.

ఎలా ఉన్నానని అడుగుతావు. ఆనందంగా లేను. ఆనందం ఎవరు అడిగారు? పొద్దున లేవాలంటే లేస్తున్నాను. ఫోను మోగితే ఎత్తుతున్నాను, నువ్వు చేసి చూడు. గుండె దాని చోట అది కొట్టుకుంటోంది. మధ్యలో రెండు రోజులు మళ్లీ గోతిలో పడ్డాను. అంతా అయిపోయిందనుకున్నాను. మూడోరోజుకి పైకొచ్చాను. ఇంతకుముందు గోతికి అంచు కనపడేది కాదు, ఇప్పుడు కనపడుతోంది. వారానికోసారి ఆస్పత్రిలో ఒకావిడతో కూర్చుని మాట్లాడుతున్నాను కూడా. ఆవిడతో కూడా వాదిస్తున్నాను. ఆవిడకి అలవాటైంది.

కోపం సంగతి. తగ్గిందా అంటే, వణుకు తగ్గింది. ఆ రెండూ ఒకటేననుకుంటూ బతికాను. ఇదివరకు కోపమొస్తే ఒళ్లంతా ఊగిపోయేది, సగం దాన్ని పట్టుకోవడానికే సరిపోయేది. ఇప్పుడు చెయ్యి నిలకడగా ఉంది. ఇది మంచిదో చెడ్డదో నాకు తెలియదు. అందుకే కోర్టు ఉన్నది.

గది ఇంకా మన చేతికి రాలేదు. టైర్లు సగం లోపలికి తెచ్చారు. కండక్టర్లు వాటి మీదే కూర్చుని అన్నాలు తింటున్నారు, లేవమంటే లేవడం లేదు. రేపు కాక ఎల్లుండి మళ్లీ గేటు మీటింగు. మైకు నాకే ఇస్తామన్నారు. ప్రెసిడెంటు మాత్రం పక్కకి పిలిచి, "మందుల సంగతి బయట చెప్పకు, యూనియన్ పరువు" అన్నాడు. ఆ మాటతోనే కరపత్రం మొదలైంది. ఇదిగో:

"విశ్రాంతి గది దేనికని అడుగుతున్నారు. చెప్తాం. పొద్దుటి నుంచి నిలబడ్డ కాళ్లు చాపుకోవడానికి. తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా, కాసేపు మనిషిలా ఉండటానికి. టైర్లు ఎండకి పగులుతాయి, వాటికి నీడ కావాలంటున్నారు. కావాలి. టైరు పగిలితే మార్చేదాకా బస్సు గేటు దాటనివ్వరు మీరు. మనిషి పగిలితే డబుల్ డ్యూటీ వేస్తారు. ఈ కాగితం రాసిన మనిషి పగిలింది. వానల్లో, ఇదే గేటు ముందు, మైకు చేతిలో ఉండగా, మీ అందరి ఎదుట పగిలింది. వెన్నునొప్పని అబద్ధం రాసి సెలవు పెట్టింది, ఎందుకంటే మనసు నొప్పికి మీ దగ్గర సెలవు లేదు. ఇప్పుడు మందు వేసుకుంటోంది. దాచదు. మీలో ఎవరికి గుండె దడదడలాడుతోందో, ఎవరు బస్సులో కూర్చుని దిగాల్సిన చోట దిగలేకపోతున్నారో, రండి, ఏ గదికి వెళ్లాలో చూపిస్తుంది. మందు వేసుకుంటే కోపం పోతుందని ఈవిడ భయపడింది. యాజమాన్యం వారు కూడా ఆ ఆశ పెట్టుకుని ఉంటే, వదులుకోండి. గది తాళంచెవి ఇవ్వండి."

సెగ చూసుకో వదినా. తీర్పు ఏదైనా నిజం రాయి. ఏదైనా మాత్ర మానను, అది వేరే కోర్టు పరిధి.

నీ ఆడపడుచు


పళ్ల ల్యాబు.

అగ్గిపెట్టెకి,

"మనిషి పగిలితే" అన్న దగ్గర నేను స్టూలు మీద కూర్చున్నాను. అక్కడిదాకా గుర్తుంది. తర్వాత మొదటినుంచి మళ్లీ చదివాను. తర్వాత మా అమ్మ కుర్చీ గుర్తొచ్చింది. ఆవిడకి అప్పట్లో ఎవరైనా ఇలాంటి కాగితం ఇచ్చి ఉంటే బాగుండేదని అనుకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద క్లినిక్‌లోంచి డాక్టరు మెట్లెక్కి వచ్చి, "ఏంటండీ ఆ చప్పుడు?" అన్నాడు.

గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది. నీళ్లు సగం ఆవిరైపోయాయి.

డబ్బా చల్లార్చి తెరిచాను. చిగుళ్ల నిండా బుడగలు. పైదానికి, కిందదానికి కూడా. ఇంత ఘోరంగా ఎప్పుడూ పాడవలేదు. జల్లెడలా ఉంది.

ఆ సెట్టు ఒక రిటైర్డ్ పోస్ట్‌మాన్‌ది. సాయంత్రం తీసుకుందామని వచ్చాడు. ఏం చెప్పను, చూపించాను. ఎందుకిలా అయిందన్నాడు. కాగితం ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, పళ్లు లేని నోటితో, పైకి చదివాడు. సగం మాటలు గాలికి పోయాయి, అయినా ఆపలేదు. చదివి, మడిచి, తిరిగివ్వకుండా జేబులో పెట్టుకున్నాడు. "మా కోడలు బస్సు దిగదమ్మా. దింపడానికి రోజూ నేను వెళ్తాను" అన్నాడు. ఆ ఆస్పత్రిలో ఏ గదో అడిగాడు. రాసిచ్చాను. వెళ్తూ, "పళ్లకి తొందరేం లేదు" అన్నాడు.

మీటింగులో మాట తడబడితే తడబడనియ్. మైకు కింద పెట్టాల్సొస్తే పెట్టు, కాగితం ఇంకెవరైనా చదువుతారు. మీ అన్నయ్య గేటు దగ్గరికి వస్తున్నాడు. మళ్లీ గొడుగు తెస్తున్నాడు, వానల్లేవని చెప్పినా వినలేదు.

నేను రాలేను. మైనం కరగబెట్టి మొదట్నుంచి మొదలుపెట్టాలి. పైకి పద్నాలుగు, కిందికి పద్నాలుగు, ఒక్కో పన్నూ మళ్లీ పేర్చాలి. ఈ పళ్లు పూర్తయ్యేదాకా దయచేసి ఇంకో కరపత్రం పంపకు.

నీ వదిన